నీలం లారీ

“ఆ లారీ మాది సార్. తీస్కపోతందుకు అచ్చిన.”

వినాయక్ తలుపు తీయగానే వినబడిన మాట ఇది. గడప అవతల ఒక ముసలామె, చేతిలో గుడ్డసంచి. ఆమె చూపు అతని మీద లేదు. అతని చేతిలోని బొమ్మ లారీ మీద ఉంది. దాని చక్రాల ఇరుసుల తుప్పును కిరసనాయిలు గుడ్డతో తుడుస్తూ, అలాగే లేచి వచ్చాడు వినాయక్.

“మీదెట్లయితది అమ్మా? అంబదాస్ భంగార్ దుకాణంల కొన్న నేను.”

“ఆయననే మీ ఇల్లు చెప్పిండు. నా పేరు ముత్తెమ్మ, మాది కర్ఖేలి. నేను ఊళ్లె లేనప్పుడు మా చిన్నకోడలు ఇల్లు సదిరి, పాత సామానంత భంగార్‌కు ఏసింది. ధర్మాబాద్‌ల అడిగిన, లేదన్నరు. నాందేడ్ పోయిందన్నరు. రైలెక్కి అచ్చిన.”

వినాయక్ లారీని గుప్పిట్లో దాచుకున్నట్టు పట్టుకున్నాడు. అరచేతిలో ఇమిడే బొమ్మ. పోతపోసిన లోహం, రబ్బరు టైర్లు, అక్కడక్కడ పెచ్చులు లేచిన నీలం రంగు. ఇప్పుడు ఇలాంటివి తయారు కావు. హైదరాబాద్ దాకా పాత సామాన్ల అంగళ్లన్నీ గాలించి, ఇక దొరకదనుకున్నాక, ఇంటి వెనక సందులోనే తుప్పు తాళాల కుప్పలో కనబడింది.

“మనవడు ఏడుస్తుండా అమ్మా? కొత్తది కొనిస్త. లైట్లు ఎలుగుతయి, హారన్ కొడ్తది. సంబురపడ్తడు.”

“కొత్తది వద్దు సార్. మావోనిది అదే.”

“నేనేం దొంగతనం చేసి తేలేదు గదా?”

“అయ్యో, నేనట్లన్ననా?” ముత్తెమ్మ గొంతు తగ్గింది. కానీ గడప ముందు నుంచి కదల్లేదు.

మాటలు విని వినాయక్ భార్య అనుపమ వంటింట్లోంచి వచ్చింది. ముసలామెను లోపలికి పిలిచి, ఫ్యాను కింద కూర్చోబెట్టి నీళ్లిచ్చింది.

“పిల్లగాని బొమ్మనట. ఇచ్చెయ్యుండ్రి,” అంది భర్తతో.

“నీకు తెల్వదు అనుపమా. మళ్ల దొరుకుతదా ఇది?” వినాయక్ ముత్తెమ్మ వైపు తిరిగాడు. “అమ్మా, ఒక్కసారి ఆ అర్రలకు రా. ఎందుకు ఇయ్యబుద్ధి అయితలేదో చూపెడ్త.”

గదిలో నడవడానికి సందు లేకుండా పెద్ద బల్ల. బల్ల నిండా ఒక ఊరు. పచ్చరంగు పూసిన గుట్ట, పసుపు బోర్డుతో స్టేషను, చుట్టూ తిరిగే పట్టాలు. రోడ్డు మీద ఎర్ర బస్సు, తెల్ల అంబాసిడర్, జీపు, పాల ట్యాంకరు. అన్నీ పాతవే, అన్నీ లోహంవే.

“ఈ రైలు పక్కన పెద్ద బండి పెడ్తే రైలు చీమ లెక్క కనబడ్తది. చిన్న బండి పెడ్తే రైలు దయ్యం లెక్క కనబడ్తది. కొలత కుదరాలె. నీ లారీ కుదిరింది. ఇగో, గూడ్సు రైలు సరుకు దించే మాల్‌ధక్కా కాడ ఈ జాగ దానికోసమే. డబ్బాలకెల్లి సరుకు దిగితే లారీల ఎక్కాలె గదా.”

ముత్తెమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

“ఇదంత నువ్వే చేసినవా బిడ్డా?”

ఎవరైనా అలా అడిగితే వినాయక్‌కు ప్రాణం లేచొస్తుంది. అలిగిన సంగతి మరచి మీట నొక్కాడు. రైలు స్టేషను వదిలి గుట్ట చుట్టూ తిరిగింది. అది రోడ్డు దగ్గరికి వస్తుండగా రెండు వైపులా గేటు కమ్ములు వాలాయి. బస్సు, కారు, జీపు అటూ ఇటూ నిలబడి ఉండగా రైలు మధ్యలోంచి దూసుకుపోయింది. కమ్ములు లేచాయి.

“ఇంకొక్కపారి తిప్పు బిడ్డా.”

మళ్లీ తిప్పాడు. ముత్తెమ్మ వంగి, బల్ల అంచుకు గడ్డం ఆనించి చూసింది.

“గేటు పడంగనే అందరు ఆగుతరా?”

వినాయక్ నవ్వాడు. “బొమ్మలు గదమ్మా. పెట్టిన కాడ్నే ఉంటయి.”

ఆమె నవ్వలేదు. ఆమె పాదాలకు పట్టిన దుమ్మును అతను అప్పుడు చూశాడు. స్టేషను నుంచి నడిచే వచ్చినట్టుంది. మాల్‌ధక్కా దగ్గరి ఖాళీ జాగా వైపు ఒకసారి చూసి, లారీని మెత్తటి గుడ్డలో చుట్టి ఆమె చేతుల్లో పెట్టాడు.

“తీస్కపో అమ్మా. నాకు తెల్వక అట్లన్న. మీవోనికే ఇయ్యి.”

గుమ్మంలో నిలబడ్డ అనుపమ ముఖం వెలిగింది. ముత్తెమ్మ గుడ్డ విప్పి, కొంగుతో లారీ ముందు భాగం తుడిచింది. మూతికి ఆనించుకుంది. సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా నడిచి, అక్కడ ఆగిపోయింది.

“నీ తానుంటే దీనికి కొత్త రంగు గింగు ఎయ్యవు గదా?”

“ఎయ్యనమ్మా. ఉన్నదున్నట్టే ఉంచుత. ఏమైంది?”

ఆమె వెనక్కి వచ్చింది. సంచిలోంచి లారీ తీసి, గేటు ముందు నిలబడ్డ జీపు వెనక పెట్టింది. వంకరగా ఉందేమోనని రెండు వేళ్లతో సరిచేసింది.

“మీవోడు అడుగడా అమ్మా?” వినాయక్‌కు అర్థం కాలేదు. “ఒకేళ ఇయ్యదలిస్తే, దాని జాగ అది గాదు. మాల్‌ధక్కా కాడ.”

“ఈడ్నే ఉండనియ్యి బిడ్డా,” అంది ముత్తెమ్మ, గేటు కమ్మిని వేలితో మెల్లగా కిందికి దించుతూ. “నా కొడుకు మారోతి పెద్దగయి నిజం లారీ తోలిండు. గేటు పడంగ చూసిండు గని, ఆగలే.”