పొగ లేని కప్పు

“ఆ మూడు రాళ్లూ నువ్వు తీసి పారేస్తావా, నన్ను తియ్యమంటావా అవ్వా?”

నిండు గర్భిణి తియమికే నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. లోపల పొయ్యి ముందు కూర్చున్న ఎలూబే అవ్వ తలైనా ఎత్తలేదు. రాళ్ల మధ్యకు కట్టె ఎగదోసి, కుండలో మొక్కజొన్న పిండితో ఎన్సిమా ముద్ద కెలుకుతూనే ఉంది.

“నువ్వే తియ్యవే. వంగగలిగితే!” అంది.

తియమికే వెనకున్న ఫైనెస్ కిసుక్కున నవ్వింది. ఆమె నెత్తి మీద కొత్త మట్టి కుంపటి ఉంది. పిడికెడు ఎండు పుల్లలతో వంటైపోయే కుంపటి. ఊళ్లో అందరూ అందులోనే వండుతున్నారు. ఈ ఒంటరి ముసలామె ఇల్లొక్కటే మొండికేసింది.

“అందులో వండితే ముద్దకు రుచుండదు,” అంది అవ్వ.

“మా ఇంట్లో మొన్న రెండు ముద్దలు లాగించినప్పుడు గుర్తు రాలేదా రుచి?”

అవ్వ మాట మార్చింది. “పైన చూడు. ఆ కంకులు విత్తనానికి. పొగ తగలకపోతే పురుగు పట్టి పిండవుతాయి. వానలొచ్చాక నీ కుంపటి నాటుకోనా?”

“నేనే ఒలిచి, బూడిద కలిపి, బుట్టలో పోసిస్తాను. ఇంకేం వంక మిగిలింది?”

“మా అమ్మ వండింది ఈ రాళ్ల మీదే. నిన్నగాక మొన్న పుట్టినదానివి, నా పొయ్యి జోలికి రావడానికి నువ్వెవరే?”

తియమికే పొట్ట పట్టుకుని మెల్లగా నేల మీద చతికిలబడింది. ఇంతసేపూ బిగపట్టిన ఏడుపు ఇక ఆగలేదు.

“నేనెవరినా? నేడో రేపో కనబోయేదాన్ని అవ్వా! ఆస్పత్రి గదిలో దీపం లేదు. నర్సమ్మ ఫోను లైటు వేసి, పళ్ల మధ్య కరుచుకుని పురుడు పోస్తోంది. మొన్న రెజీనా బిడ్డకు మెడ చుట్టూ పేగు చుట్టుకుంటే ఆ వెలుగులో కనపడనే లేదు. ఊరంతా రాళ్ల పొయ్యి మానేస్తే ఎండతో వెలిగే దీపాలిస్తానన్నాడు లిలాంగ్వే నుంచొచ్చిన ఆఫీసరు. ఒక్క ఇల్లు మానకపోయినా ఇవ్వడట. ఆ ఒక్క ఇల్లు నీదే. నాకు భయంగా ఉంది అవ్వా.”

అవ్వ చేతిలో గరిటె ఆగింది. తియమికే పొట్ట కేసి చూసింది. కుండ దించి, మంట మీద నీళ్లు చిలకరించింది.

“ఏడవకు. చల్లారాక నేనే బయట పడేస్తాను. రేపు నీ కూతురు నన్ను తిట్టుకోకూడదు.”

“కూతురని నీకెవరు చెప్పారు?” తియమికే ముక్కు చీదుకుంది.

“ఇంత నోరున్నదాని కడుపున ఇంకెవరు పుడతారే?”

మొండి మనిషే గాని, పసిబిడ్డ మాటెత్తితే కరిగిపోయేది. ఆ సాయంత్రమే మూడు రాళ్లూ దొడ్లో పడ్డాయి.

రెండు రోజులు తిరక్కుండానే ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. ఆ రెండు రోజులూ వాకిళ్లు అలకడం, పుల్లలు ఎండబెట్టడం తప్ప ఊళ్లో ఎవరికీ వేరే ధ్యాస లేదు. తియమికే కాళ్లు వాచి ఇల్లు కదల్లేకపోయింది. గుమ్మంలో కూర్చుని అవ్వ ఇంటి కప్పు చూసుకుంటూ, “మాట నిలబెట్టుకుంది మా అవ్వ” అని దారిన పోయేవాళ్లందరికీ చెప్పింది. తనిఖీ వేళకు మాత్రం ఫైనెస్ భుజం పట్టుకుని ఎలాగో వచ్చింది.

వంట వేళకు ఆఫీసరు ఊరి పక్క మిట్ట ఎక్కాడు. తనిఖీ అంటే అంతే. గడ్డి కప్పుల్లోంచి పొగ ఎంత ఊరుతోందో అక్కణ్ణించి చూడటం. వంటలు చేసేవాళ్లు చేస్తుంటే, మిగతా ఆడవాళ్లు ఆయన వెనకాల నిలబడ్డారు.

“ఊరూరికీ కరెంటు తీగలు లాగే స్తోమత మన దేశానికి లేదమ్మా. ఉన్న కట్టెను ఊరికే తగలెయ్యకుండా ఉంటే అదే మన సంపాదన. కట్టె మిగిల్చిన ఊరికే ముందు వెలుగు.” ఆయన ఒక్కో కప్పూ వేలితో చూపించాడు. “అక్కడ కొంచెం... అదిగో అక్కడ కొంచెం. పచ్చి పుల్లలు పెడుతున్నారు. సరే, ఈమాత్రం ఫరవాలేదు.”

అంతలో ఆయన వేలు ఒకచోట ఆగిపోయింది.

“అదెవరిల్లు? పొగ చాయైనా లేదే!”

“మా ఎలూబే అవ్వది!” అంది తియమికే.

“చూసి నేర్చుకోండి ఆవిణ్ణి! మీ దీపాలు వచ్చేసినట్టే. పదండి, బహుమతిగా తెచ్చిన ఈ రంగుల చితెంజే గుడ్డ ఆవిడ భుజాల మీద నేనే కప్పుతాను.”

ఇంకేముంది! ఆడవాళ్లు నాలుకలాడిస్తూ కేకలు పెట్టారు. పాడుతూ, గంతులేస్తూ అవ్వ ఇంటిదాకా వెళ్లారు. తియమికే కూడా వాచిన కాళ్ల సంగతి మరిచి నడిచింది.

“అవ్వా, బయటికి రా! ఇవాళ పెళ్లికూతురివి నువ్వే!” అని అరిచింది ఫైనెస్.

తలుపు తెరుచుకోలేదు. తియమికే తలుపు తోసి లోపలికి వెళ్లింది. చాప మీద అవ్వ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కుంపటి ఫైనెస్ దించిన చోటే ఉంది. దానికి ఎక్కడా మసి అంటలేదు. లేపుదామని తియమికే అవ్వ పాదం పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది.

గుమ్మం దగ్గర పాట ఆగిపోయింది.

పొద్దున్నే ఏ ఇంటి కప్పులోంచైనా పొగ లేవకపోతే, లోపలివాళ్లకు ఏమైందోనని పరుగెత్తుకొచ్చే ఊరు, నిన్నా ఇవాళా ఆ కప్పునే చూసింది, చూసి సంతోషించింది.