వాసన చూసి చెప్పే మనిషి

అరలో ఇరవై నాలుగు సబ్బులు వరసగా ఆరుతున్నాయి. పక్కన గోడకు అంటించిన చీటీలో, ఆయన చేతిరాతతో, ఇవాళ్టి తేదీ ఉంది. ఆరు వారాలు నిండాయి. సబ్బు సిద్ధం. సిద్ధమని చెప్పాల్సిన మనిషే లేడు.

అచ్చుల్లో పోసిన తొమ్మిదో రోజున ఆయన పోయాడు. పొద్దున్నే కాఫీ తాగుతూ కప్పు కింద పెట్టి, అలాగే పక్కకు ఒరిగిపోయాడు. గుండె ఆగిపోయిందన్నారు.

సబ్బులావిడ ఒక సబ్బు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. రాయిని వాసన చూసినట్టే ఉంది. అలవాటు కొద్దీ చూసింది గానీ, ఆ ముక్కు నాలుగేళ్ల కిందటే చేతులెత్తేసింది.

అప్పుడు ఇంట్లో ఇద్దరికీ జ్వరం వచ్చింది. ముందు ఆయనకు, రెండు రోజుల తరువాత ఆవిడకు. ఆయన వారంలో లేచి తిరిగాడు. ఆవిడ కూడా లేచింది గానీ వాసన తెలియకుండా పోయింది. మెల్లగా అదే వస్తుందన్నాడు డాక్టరు. రాలేదు.

అప్పటికే వంటింట్లో సబ్బులు చేయడం మొదలుపెట్టి పదేళ్లు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆవిడకు పిల్లా జెల్లా అన్నీ ఆ పనే. వాసన తెలియనిదాన్ని ఇంకేం సబ్బులు చేస్తాను? నూనె పాడైనా తెలియదు, పరిమళం ఎక్కువైనా తెలియదు. అచ్చులన్నీ మూటగట్టి అటకెక్కించమంది.

"పిచ్చిదానా, నా ముక్కు ఉందిగా! చేతులు నీవి, ముక్కు నాది. సరేనా?" అన్నాడాయన.

అలా రిటైరైన మనిషి మళ్లీ ఉద్యోగంలో చేరాడు. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేశాడేమో, సబ్బు కొనడానికి వచ్చినవాళ్ల అనుమానాలకు గేటు దగ్గరే టిక్కెట్టు చింపి ఇచ్చినట్టు జవాబు చెప్పేవాడు.

"కాస్టిక్ సోడా వేస్తారటగా, ఒళ్లు కాలదూ?"

"సోడా లేకుండా సబ్బే లేదమ్మా. నూనెతో కలిసి సబ్బయ్యాక ఇంక సోడా మిగలదు. కొలత తప్పితేనే కాలేది. మా ఆవిడ కొలత తప్పదు."

"ఇంట్లో చేసింది కదా, నురుగు తక్కువేమో?"

"నురుగు మన కళ్లకే. మురికికి దాంతో పనిలేదు."

"నిజం పూలు వేస్తే మంచి వాసనటగా?"

"వేసి చూడండి. నాలుగు రోజుల్లో నల్లబడి ఎండుటాకుల్లా తేలతాయి."

"పోనీ, నిన్న చేసింది ఇవ్వండి, తాజాగా ఉంటుంది."

"రొట్టె అనుకున్నారా తల్లీ? ఆరు వారాలు ఆరాలి. అప్పుడే గట్టిపడేది, అప్పుడే ఒంటికి పడేది."

ఆ ఆరు వారాలూ నిండిన రోజున మాత్రం ఆయన హంగామా ఇంతా అంతా కాదు. "వంటింట్లో అన్ని వాసనలూ కలిసిపోతాయోయ్, బయటి గాల్లో చూడాలి" అంటూ ఒక సబ్బును చేతిరుమాల్లో చుట్టుకుని వీధిలోకి వెళ్లేవాడు. పావుగంటలో తిరిగొచ్చి తీర్పు చెప్పేవాడు. నిమ్మగడ్డి ముందుకొచ్చింది, నారింజ వెనకబడింది, ఈసారి రెండు చుక్కలు తగ్గించు. ఆవిడ తగ్గించేది. కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు. ఆయన మాట ఒక్కసారి కూడా తప్పు కాలేదు.

ఇంటి విషయాల్లో మాత్రం ఒట్టి మాలోకం. ఒకసారి పొయ్యి మీద పాలు మాడి గిన్నె బొగ్గయిపోతే, పక్కింటావిడ గోడ మీంచి అరిచేదాకా హాల్లో కూర్చున్న మనిషి కదల్లేదు. పేపర్లో పడితే ఇల్లు కాలినా పట్టదా అని ఆవిడ చెడామడా తిట్టింది. ఆయన నవ్వి, గిన్నె తనే తోమాడు.

ఆ గిన్నె ఇప్పుడు గుర్తొచ్చి ఆవిడకు ఏడుపు ఆగలేదు. తిట్టకుండా ఉండాల్సింది.

అచ్చులు ఇప్పటికే అట్టపెట్టెలో సర్దేసింది. ఈ ఇరవై నాలుగూ అయిపోతే పని ముగిసినట్టే. కానీ ఎలా కుదిరాయో తెలియకుండా వీటిని మాత్రం ఎలా ఇవ్వడం? ఆయన ఉండగా పోసిన చివరి సబ్బులివి. బాగాలేవని ఎవరైనా అంటే ఆవిడ తట్టుకోలేదు.

ఒక సబ్బును ఆయన చేతిరుమాల్లోనే చుట్టుకుని, వీధి చివర టైలరు దుకాణానికి వెళ్లింది. ఆయనకున్న స్నేహితుడు ఆ టైలరు ఒక్కడే. ఆవిడ ఆ మెట్లెక్కడం ఇదే మొదటిసారి.

చేతిరుమాలు చూడగానే టైలరు మిషను ఆపాడు. అతని కళ్లు తడయ్యాయి.

"రండి వదినా. ఆరు వారాలూ అయిపోయాయా?" అంటూ చెయ్యి చాచాడు.

ఆవిడ ఇంకా ఏమీ అడగనే లేదు. అతను సబ్బు అంచును గోటితో గీరి, కళ్లు మూసుకుని, రెండుసార్లు గట్టిగా పీల్చాడు.

"చక్కగా కుదిరింది వదినా. నిమ్మగడ్డి ఒక్కటే కాస్త ముందుకొచ్చింది. ఈసారి రెండు చుక్కలు తగ్గించండి."



"అచ్చం ఆయన మాటే! ఆయన దగ్గర నేర్చుకున్నారా?"

టైలరు సబ్బును మళ్లీ చేతిరుమాల్లో చుట్టాడు. ఎక్కడా మడత పడకుండా, మెల్లగా చుట్టి ఆవిడ చేతిలో పెట్టాడు.

"మీకు చెప్పనని ఒట్టేశాను గానీ వదినా, ఆ జ్వరంలో మీకంటే ముందే అన్నయ్యకూ వాసన తెలియకుండా పోయింది, ఈ నాలుగేళ్లూ ప్రతి సబ్బూ వాసన చూసి చెప్పింది నేనే."