ఎదురొచ్చే పిట్టలు

"ఈ కొంగ నీకేమైనా వేలు విడిచిన మేనమామా బావా? ఇలా ఎదురొచ్చింది!"

స్టూడియో అతను నవ్వుతూనే అన్నాడు. లోపల మాత్రం కడుపు మండుతోంది. ఫోటోలో రెక్కలు రెండూ విప్పుకుని, సూటిగా కెమెరాలోకి చూస్తూ వస్తున్న తెల్లకొంగ. తీసింది అక్క మొగుడు, స్కూటర్ల మెకానిక్. ప్రింటు వేసి ఇవ్వాల్సింది తను.

"అదే వచ్చిందిరా. నేను రమ్మన్నానా?" అన్నాడు బావ, గోళ్ళలోని గ్రీజుని గుడ్డతో తుడుచుకుంటూ. "ఇది మీ అక్కకి. లైబ్రరీ మేడమ్ అక్కడి గోడకి పెట్టడానికి రంగులున్న ఫోటో కావాలంది. పిట్టయినా సరే, పువ్వయినా సరే. సోమవారం ఎంచుతుందట. ఆదివారం లకుముకి పిట్టని పట్టి ఇస్తా. నువ్వూ ఒకటియ్యరాదూ?"

నువ్వూ ఒకటియ్యరాదూ! ఊళ్ళో సగం మంది ముఖాలు తీసిన చెయ్యి తనది. బావ కెమెరా పట్టి ఏడాది కాలేదు. ఆ గోడ మీదికి మెకానిక్ ఫోటో ఎక్కితే ఇక ఈ స్టూడియో మెట్లెక్కేదెవరు?

మొదటిసారి ఇద్దరూ కలిసే వెళ్ళారు చెరువుకి. తను ముందు నడిచి అవతలి గట్టుకి చేరాడు. బావకి ముఖాలు దొరికాయి, తనకి తోకలు దొరికాయి. అక్క ఆ ఫోటోలు చూసి పడీపడీ నవ్వింది.

"నువ్వు ఇంట్లో పూలు తీసుకోరా తమ్ముడూ. అవి పారిపోవు."

ఆ తర్వాత బావ పిలిచినప్పుడల్లా "పనుంది" అనేవాడు. బావ బండి మలుపు తిరగ్గానే వెనకే బయల్దేరేవాడు. గింజలు చల్లుతున్నాడో, ఈల వేస్తున్నాడో, ఏదో మర్మం ఉంది. అది పట్టాలి.

బావ ఇవతలి గట్టున బకెట్టు బోర్లించుకుని కూర్చునేవాడు. తను చుట్టూ తిరిగి వెళ్ళి అవతలి గట్టు తుంగలో దూరేవాడు. మోచేతులు గీరుకునేవి, దోమలు పీక్కుతినేవి. చూస్తే అక్కడ గింజా లేదు, ఈలా లేదు. ఒళ్ళో కెమెరా పెట్టుకుని బావ ముసిముసిగా నవ్వుతూ కూర్చునేవాడు. తను గురి చూసే లోపే పిట్ట లేచేది. లేచింది ఊరుకుంటుందా, తిన్నగా బావ దగ్గరికే!

"పిట్టలకీ వాడే ముద్దు," అని పళ్ళు కొరికేవాడు.

ఈ ఆదివారం మాత్రం వెళ్ళలేదు. వెళ్ళి ఇంకో తోక తెచ్చుకోవడం దేనికి? బాల్కనీలో ఎర్రగులాబీ ముందు చతికిలబడ్డాడు. నీళ్ళు చిలకరించాడు, ఎండ వాలేదాకా ఆగాడు. అక్క అన్నట్టే అది పారిపోలేదు. ఫోటో బాగానే వచ్చింది. అయినా బావ లకుముకి పిట్ట గుర్తొస్తే గులాబీ వెలవెలబోయినట్టుంది.

సాయంత్రం మనసు ఆగక అక్క ఇంటికి వెళ్ళాడు. లోపల మాటలు వినబడి గుమ్మం బయటే నిలబడిపోయాడు.

"పొద్దుటి నుంచీ కూర్చుని ఒక్కటీ తేలేదా?" అక్క గొంతు.

"ఒక్కటీ ఇటు రాలేదు. లకుముకి పిట్ట అవతలి గట్టునే కొమ్మ మీద కునుకు తీసింది."

గుమ్మం బయట అతనికి ప్రాణం లేచొచ్చింది. బావ పనైపోయింది. ఇక గోడ తనది.

"ఇన్నాళ్ళూ పిలిచినట్టు వచ్చేవిగా. ఇవాళేం, నీ మీద అలిగాయా?"

బావ నిట్టూర్చాడు.

"తుంగలోంచి తోలడానికి ఇవాళ మీ తమ్ముడు రాలేదే."