మూడు దెబ్బల రాయి

డెబ్బై తొమ్మిదో సంవత్సరం, జాతీయ దినోత్సవం సాయంత్రం దుబాయిలోని డేరా పేటలో ఓ కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. ముసలి అమెరికన్ ఇంజనీరు కొయ్య సుత్తితో రాయిని మూడుసార్లు తట్టాడు. వాళ్ల ఊళ్లో మేసన్లనే రహస్య సంఘం ఆనవాయితీ అట. అందరూ చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు. రాయి అంచులకు సిమెంటు పూసే పని మాత్రం రాత్రికి మేస్త్రి పర్శరాములుకు మిగిలింది. నడుం విరిగిపోతోంది.

టక్. టక్. టక్.

"లచ్చన్నా, రాయిని తట్టకు. సిమెంటు ఇంకా పచ్చిగున్నది," అన్నాడు విసుగ్గా.

"నేనేడ తట్టిన మేస్త్రీ?" రోడ్డవతల లారీలో రంగు బల్బులు సర్దుతున్న లచ్చన్న గొంతు వినిపించింది. "ఖలాస్ చేసి రా, క్యాంపుకు పోదం."

మళ్లీ మూడు దెబ్బలు. ఈసారి రాయి లోపలి నుంచే.

రాయి కింద సందు లేకుండా సిమెంటు నింపింది తనే. డొల్ల మిగిలిందేమోనని, ఏళ్ల అలవాటు కొద్దీ, తాపీ పిడితో మూడుసార్లు తట్టి చూశాడు.

లోపల చప్పుడు ఆగింది. రాయి అంచున పచ్చి సిమెంటు, లోపలి నుంచి ఎవరో తోస్తున్నట్టు, మెల్లగా బయటికి ఉబ్బసాగింది.