తరుగు

"దొంగతనం చేస్తే చేశారు బాబాయిగారూ, సొంత కాలి దగ్గరే చేసుకుంటారా?"

నర్సమ్మ అట్టపెట్టెను స్టూలు మీద ఠపీమని పెట్టింది. పోయిన గురువారం కట్టు మార్చి వెళ్తూ తన చేత్తో లెక్కపెట్టిన ప్యాకెట్లు ఆరు. ఇప్పుడున్నవి రెండు. ఆమె కోపం కూడా ఆమె కట్టే కట్టులాంటిదే, ఒకసారి బిగిస్తే ఓ పట్టాన వదలదు.

మంచం మీద కాలు చాపుకుని కూర్చున్న వెండిపని ముసలాయన తెల్లబోయాడు. ఎడమ కాలి మీద పుండు ఎనిమిది నెలలుగా మానలేదు. చీము పట్టి, చూడ్డానికొచ్చినవాళ్ళు గుమ్మంలోనే ముక్కు మూసుకుని పలకరించి వెళ్ళే దాకా వచ్చింది. మామూలు మందులకు లొంగకపోతే డాక్టరు వెండి కలిసిన పట్టీలు రాశాడు. పుండులోని క్రిముల్ని ఆ వెండి చంపుతుందట. నిజంగానే మూడు వారాల్లో వాసన పోయింది. వచ్చే వారం శుక్రవారం డాక్టరు మళ్ళీ చూస్తాడు. అప్పటికి చీము ఆగిందా సరే, లేదంటే మోకాలి కింద నుంచి తీసెయ్యడమే అని మొహం మీదే చెప్పాడు. అప్పటిదాకా నాలుగుసార్లు కట్టు మార్చాలి. కొత్త పట్టీలు రావడానికి నెల పడుతుంది.

"నేనెందుకు తీస్తాను తల్లీ?" అన్నాడు ముసలాయన.

"వెండి కదా మరి! మీ చేతికి తగిలాక తరుగు పోకుండా ఉంటుందా?"

అంతే, ముసలాయన అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. "ఎంత మాటన్నావమ్మాయ్! నా తూకంలో గురిగింజెత్తు తేడా వచ్చిందన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. నా చేత్తో చేసిన పట్టీలు పెట్టుకోని ఆడపిల్ల ఈ ఊళ్ళో ఉందేమో వెళ్ళి అడుగు!"

గుమ్మం దగ్గర ఆయన భార్య చేతిలోని వేన్నీళ్ళ గిన్నె కొంచెం తొణికింది.

"అయితే ఇదేమిటి?" నర్సమ్మ వంగి మంచం కింద నుంచి వెండి కరిగించే మూసను బయటికి లాగింది. అందులో నల్లగా మాడిన బూడిద. ముసలాయన గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు.

"అది... పాతదమ్మా. నువ్వు విప్పి పారేసిన పట్టీ. వెండి, వెండి అంటున్నారు, అసలుందో లేదో చూద్దామని కాల్చాను."

"ఉందా?" కోపంలో కూడా నర్సమ్మ అడక్కుండా ఉండలేకపోయింది.

"ఆవగింజలో సగం. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. నాకే చెప్పుంటే ఇంకాస్త ధారాళంగా వేసుండేవాణ్ణి."

"మరి కొత్తవి నాలుగు?"

"నా కాలి మీద ఒట్టు, నేను ముట్టుకోలేదు."

"ఏ కాలి మీద?"

"మంచి కాలి మీదేనమ్మా!"

ఆ ఒట్టుతో నర్సమ్మ కాస్త తగ్గింది. పిన్నిగారి వైపు తిరిగింది. ఆ ఇంట్లో ఆమెకు నచ్చిన మనిషి ఎవరైనా ఉన్నారంటే ఈవిడే. కట్టు మార్చినప్పుడల్లా పక్కనే నిలబడి, పుండు ఎలా కడుగుతుందో, పట్టీ ఎంత కత్తిరిస్తుందో, రెప్ప వెయ్యకుండా చూసేది. భర్త మీద ఎంత శ్రద్ధ అని నర్సమ్మ అందరికీ చెప్పుకునేది. పాపం, చలి శరీరం. ఇంత ఉక్కలోనూ కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు. అదేమిటంటే నేల చల్లగా ఉంటుందమ్మా అనేది.

"మీరైనా చెప్పండి పిన్నిగారూ."

"ఆయన అబద్ధమాడరు," అంది పిన్నిగారు, గిన్నె వంక చూస్తూ.

"బయటివాళ్ళెవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు."

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అన్నాడు ముసలాయన వేళ్ళు మడుస్తూ. "నేను తియ్యలేదు. పిల్లికి పనికిరావు. ఇక మిగిలింది..."

మడిచిన వేలు అలాగే ఆగిపోయింది. ఇద్దరూ పిన్నిగారి వైపు చూశారు.

"పిన్నిగారూ," నర్సమ్మ గొంతు తగ్గించింది. "మిగిలిన రెండూ చాలవు. మధ్యలో మానేస్తే చీము మళ్ళీ పడుతుంది. బాబాయిగారి కాలు పోతుంది. తీసుంటే ఇచ్చెయ్యండి, మాట బయటికి పోనివ్వను."

పిన్నిగారి కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. గిన్నె కింద పెట్టి, మెల్లగా వంటింట్లోకి వెళ్ళి, పంచదార డబ్బాలోంచి రెండు ప్యాకెట్లు తెచ్చి నర్సమ్మ చేతిలో పెట్టింది.

"వెనక్కివ్వడానికి ఇవే ఉన్నాయమ్మా. రెండు వాడేశాను."

రెండూ రెండూ నాలుగు. శుక్రవారం దాకా సరిపోతాయి. నర్సమ్మ ఊపిరి పీల్చుకుంది. ముసలాయన మాత్రం ఊరుకోలేదు.

"వాడేశావా? నా కాలు తీసేస్తామని డాక్టరు కత్తి నూరుకుంటుంటే, దేనికే వాడేశావు?"

పిన్నిగారు కుర్చీలో కూర్చుని, పంటి బిగువున కుడి మేజోడు లాగేసింది. మడమ పైన, పుండు కొలతకు కత్తిరించి, అంగుళం అటూ ఇటూ కాకుండా కట్టిన కట్టు.

"మూడు నెలలైంది. ఇంట్లో ఒక కుంటికాలు చాలదా అని చెప్పలేదు."

"అయ్యో పిన్నిగారూ! ముందే నాతో అనకూడదా?" నర్సమ్మ గబగబా కింద కూర్చుని ఆ పాదం ఒళ్ళోకి తీసుకుంది. "కట్టు మాత్రం నాకంటే బాగా కట్టారు."

ముసలాయన నోరు తెరుచుకుని ఆ కాలి వంకే చూస్తూ ఉండిపోయాడు.

"అలా చూస్తారేమిటి?" అంది పిన్నిగారు కళ్ళు తుడుచుకుంటూ. "నలభై ఏళ్ళుగా ఊరందరికీ చేశారు. చివరికి నా కాలికి వెండి పట్టీ నేనే పెట్టుకోవాల్సొచ్చింది!"