ఎంగిలి

జ్యోత్స్న గదిలో అడుగు పెట్టేసరికి, ఎవరో ముసలావిడ తన తల్లి మణికట్టు మీదికి వంగి కొరుకుతోంది.

“ఏయ్!”

చేతిలో సంచీ పడేసి ఒక్క తోపు తోసింది. ముసలావిడ గోడకు కొట్టుకుని కూలబడింది. ఆవిడ పళ్ళ మధ్య పాత చీర పీలిక ఒకటి వేలాడుతోంది.

పిచ్చిది. గుడ్డలు కూడా నములుతున్నట్టుంది.

“బె... బె...” అంటూ ముసలావిడ మంచం వైపు చెయ్యి చాపింది. వేళ్ళు పీతకాళ్ళలా లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి.

అరుపు విని వృద్ధుల హోము మేనేజరు శేషగిరిరావు, ఆయన వెనకే ఆయా పరుగున వచ్చారు.

“అదేంటండీ, పదకొండింటికన్నారు, ఇంత ముందే వచ్చేశారు?” అన్నాడు శేషగిరిరావు.

“తాడేపల్లిగూడెంలో ముందు రైలు దొరికిందండీ. ఈవిడెవరో చెప్పండి ముందు. మా అమ్మను కొరుకుతోంది!”

“మరియమ్మండి. ఆకివీడులో రొయ్యల షెడ్డులో పని చేసేదట. ఐసులో నాని నాని వేళ్ళు అలా అయిపోయాయండి. మాట కూడా పడిపోయింది. మతి చూద్దామా, అదీ లేదు. మీరేమీ అనుకోకండి.”

“అనుకోకేం చేస్తానండీ? జన్మంతా మడి కట్టుకుని బతికిన మనిషి మా అమ్మ. ఇంకొకళ్ళు తాగిన గ్లాసు ముట్టుకోదు. అలాంటి మనిషి చేతిని ఎంగిలి చేస్తుంటే మీరంతా ఏం చేస్తున్నారు?”

“తప్పేనండి. కంటికి రెప్పలా చూస్తూనే ఉన్నామండి, ఎలా దూరిందో మరి.”

మంచం మీద తల్లి చాముండేశ్వరమ్మ పెదవులు కదిలాయి. “వద్దే అమ్మాయ్... ఆవిణ్ణి...”

ఆయా ఒక అడుగు ముందుకు వేసింది.

చాముండేశ్వరమ్మ నోరు మూసుకుని గోడవైపు తిరిగింది.

ఎంత హడలిపోయిందో పాపం, అనుకుంది జ్యోత్స్న.

తల్లి మణికట్టు చుట్టూ ఎర్రగా, గాజు తొడిగినట్టు కమిలిపోయి ఉంది. పంటిగాటు మాత్రం ఎక్కడా కనబడలేదు. సమయానికి వచ్చాను కాబట్టి సరిపోయింది, అనుకుని ఆ చేతిని సబ్బు పెట్టి కడిగింది. మంటకు తల్లి కళ్ళు గట్టిగా మూసుకుంది.

“ఆవిణ్ణి మా అమ్మ దరిదాపుల్లోకి రానివ్వకండి. లేకపోతే నేను ఊరుకోను.”

“వెనక గదిలో పెట్టి గడియ వేయిస్తానండి. మీరు నిశ్చింతగా వెళ్ళండి. ఈసారి మాత్రం ఫోన్లో చెప్పిన టైముకే రండి. వీళ్ళ స్నానాలూ అవీ ఉంటాయి కదండీ.”

నిజమే, అనుకుంది జ్యోత్స్న. చెప్పాపెట్టకుండా ఒకరి గుమ్మం తొక్కడం ఆమెకూ నచ్చదు.

ఆమె తాడేపల్లిగూడెంలో టీచరు. మతిమరుపొచ్చిన తల్లి, తను బడికి వెళ్ళినప్పుడల్లా ఇల్లు దాటి పోయేది. ఒకసారి రైలు పట్టాల మీద దొరికాక, ఇక లాభం లేదని ఏలూరు శివార్లలోని ఈ హోములో చేర్చింది.

తరువాతి నెల ఫోన్ చేసే వచ్చింది. తల్లి ఉతికిన చీరలో ఉంది. మొహాన పౌడరు, ఎండాకాలంలో పొడుగు చేతుల జాకెట్టు. గదినిండా ఫినాయిలు ఘాటు.

గ్లాసుడు నీళ్ళిస్తే గటగటా తాగేసింది. మళ్ళీ గ్లాసు చాచింది. మళ్ళీ చాచింది.

“ఇంత దాహమేంటండీ?”

“కొల్లేరు పక్కనున్నా ఎండ ఎండేనండి,” నవ్వాడు శేషగిరిరావు.

“బాగా చిక్కిపోయింది కూడాను.”

“వయసండి.”

వెనక ఎక్కడో తలుపు దబదబా బాదుతున్న చప్పుడు. చాముండేశ్వరమ్మ తలెత్తి అటే చూసింది.

“మరియమ్మేనండి. మీరు చెప్పారని బయటికి వదలట్లేదు.”

“థాంక్సండి,” అంది జ్యోత్స్న.

పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ ఏలూరులోనే పడింది. భోజనాల వేళ క్యారేజీ పట్టుకుని ఆటో ఎక్కింది. చూస్తే సెల్లులో ఛార్జింగు లేదు. కన్నతల్లిని చూడ్డానికి ఒక్కసారికి ఫోనెందుకులే అనుకుంది.

గేటు దగ్గర వాచ్‌మన్ పాపారావు కంగారుగా లేచాడు.

“మేనేజరు గారు లేరండి. చెప్పకుండా వచ్చేశారేంటండీ?”

“అమ్మకు రెండు ముద్దలు పెట్టి వెళ్ళిపోతాను. ఆ కొరికే ఆవిడ బయట తిరగడం లేదు కదా?”

“మరియమ్మాండీ? పోయిందండి, మొన్న ఆదివారం. తలుపు చప్పుడు ఆగిపోయిందేంటా అని తీసి చూస్తే... చర్చివాళ్ళొచ్చి మట్టి చేశారు.”

“అయ్యో!” అంది జ్యోత్స్న. పీడ విరగడైందని లోలోపల అనిపించకపోలేదు.

గది తలుపు తోసింది.

పక్క తడిసి ఉంది. తల్లి పెదవులు బీటలు వారి ఉన్నాయి. వాటి మీద ఈగలు. రెండు చేతులూ మంచానికి అటూ ఇటూ చెరొక పట్టెకు పాత చీర పీలికలతో కట్టేసి ఉన్నాయి.

“అమ్మా!”

ముడి పట్టుకుని పెనుగులాడింది. తడిసి, లాగి లాగి, రాయిలా బిగుసుకుపోయిన ముడి. గోరు విరిగింది. వేళ్ళు జారిపోయాయి. కేకలేసింది. ఎవరూ రాలేదు.

ఇంకేం తోచక వంగి, ముడిని పళ్ళతో పట్టుకుంది.

గుడ్డ ఉప్పగా తగిలింది. తన ఎంగిలి తల్లి మణికట్టుకు అంటుకుంది.

ఇలా వంగిన మనిషిని తను ఇదే గదిలో చూసింది.

ముడి వదులైంది. చాముండేశ్వరమ్మ కళ్ళు తెరవలేదు. విడిపడిన చేతిని మెల్లగా ఎత్తి, తన మీదికి వంగిన ఆ తలను నిమిరింది.

“వచ్చావా మరియమ్మా? మా అమ్మాయికి కోపమెక్కువ, ఏమీ అనుకోకేం.”