బొమ్మలో ఊరు

"ఆ కొండని అలా ఎలిసిపోయినట్టు ఏసేవేటి బాబూ?" అంది దేముడమ్మ.

దేవీప్రసాద్ కుంచె ఆపలేదు. గట్టు మీద నిలబెట్టిన పెద్ద కాన్వాసు మీద ముందున్న పనసచెట్టుకి ముదురాకుపచ్చ వేశాడు. దాని వెనక కాఫీ తోట కాస్త లేత. ఆ వెనక కొండలు ఒకదానికంటే ఒకటి పల్చటి నీలం. దూరం పెరిగేకొద్దీ మధ్యలో గాలి అడ్డొచ్చి రంగు తగ్గుతుందని, అలా వేస్తేనే బొమ్మకి లోతు వస్తుందని చెప్పాడు. దూరపు కొండలు నునుపని నవ్వాడు కూడా.

"ఆ కొండెక్కి కట్టెలు కొట్టినదాన్ని. నునుపేటి?"

నిజానికి ఆమె బెంగ కొండ గురించి కాదు. కొలతల వాళ్లొచ్చి లోయ చుట్టూ రాళ్లు పాతి పోయినప్పట్నుంచీ ఊరు లేపేస్తారని ఒకడు, కాదు రోడ్డేస్తారని ఇంకొకడు, నోటికొచ్చినట్టు చెబుతున్నారు. డుంబ్రిగుడ సంతలో ఎవర్నడిగినా ఇదే గోల. ఇంతలో ఈ బొమ్మలాయన దిగాడు. ప్రాజెక్టు పూర్తయ్యాక లోయ ఎలా ఉంటుందో వేయమన్నారట. పాడేరులో ఆఫీసు గోడకి తగిలిస్తారట. ఇంకేం, బొమ్మలో ఊరుంటే ఊరున్నట్టే, లేకపోతే లేనట్టే. దేముడమ్మ అలా తేల్చుకుని, కాఫీ పళ్ల కోత కూడా మానుకుని, పొద్దుట్నుంచీ ఆయన చెయ్యి వంకే చూస్తూ కూర్చుంది.

కొండలయ్యాయి. కుంచె లోయలోకి దిగింది. ఆమె ఇంకాస్త దగ్గరికి జరిగింది.

ఆయన తెలుపులో చిటికెడు నీలం కలిపి ఈ కొండ నుంచి ఆ కొండ దాకా అడ్డంగా పూశాడు. ఒక్క ఇల్లూ వేయలేదు.

"మా ఊరేది బాబూ?"

"లోపలే ఉందమ్మా," అన్నాడాయన తలెత్తకుండా.

దేముడమ్మ ఆ తెలుపుని తేరిపార చూసింది. ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. ఓసి నా పిచ్చి మొహమా అని తన్ను తానే తిట్టుకుంది. చలికాలం పొద్దున్నే గట్టెక్కి చూస్తే లోయంతా పాలు పోసినట్టే ఉంటుంది కదా, అప్పుడు మాత్రం ఊరెక్కడ కనబడుతుంది?

"ముందే సెప్పొచ్చు కద బాబూ, బయపడి సచ్చిపోయేను. ఎండెక్కితే మంచు ఇడిపోద్దిలే."

నవ్వుతూ కొంగు ముడి విప్పి, మధ్యాహ్నం తిందామని దాచుకున్న ఉడకబెట్టిన చిలగడదుంప తీసి ఆయనకివ్వబోయింది. దేవీప్రసాద్ చేయి చాచలేకపోయాడు.

"అది మంచు కాదమ్మా, నీళ్లు."